మూసీ ఒడ్డు కట్టడాల ఆర్కిటెక్టు – విన్సెంట్ ఎష్



దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల సంక్షేమ వసతిగృహాల్లో ఉండి చదువుకునే మనకు నగరంలో నాలుగు పాత కట్టడాలు బాగా తెలుసు. పాలమూరు వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లు దిగేది కాచిగూడ స్టేషన్‌లో. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి పట్నం తీసుకొస్తే వెళ్లేది ఉస్మానియా ఆసుపత్రికి. ఊళ్లో భూమి తగాదా ముదిరి పైదాకా వస్తే చివరికి చేరేది హైకోర్టుకు. ఇంటర్ పాసై తక్కువ ఫీజుతో మంచి డిగ్రీ చదవాలంటే మన సీనియర్లు చెప్పే పేర్లలో సిటీ కాలేజీ ఒకటి. ప్రయాణం, వైద్యం, న్యాయం, చదువు. పేదవాడి బతుకులో ఈ నాలుగూ ఎంత ముఖ్యమో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే ఈ నాలుగు కట్టడాలకూ ఆర్కిటెక్టు ఒక్కరేనన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ఆయన పేరు విన్సెంట్ జెరోమ్ ఎష్. చరిత్ర పుస్తకాల్లో రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చదువుతాం. మనం రోజూ నీడకు నిలబడే గోడను ఎవరు గీశారో, ఎవరు కట్టారో మాత్రం చదవం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం గురించి, ఆయన తొలినాళ్ల కట్టడాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

కలకత్తాలో తొలి అడుగులు

ఎష్ 1876లో జన్మించారు. ఆయన బ్రిటిష్ దేశస్థుడు. అప్పట్లో మన దేశానికి రాజధాని కలకత్తా. దేశంలోని పెద్ద కంపెనీలు, బ్యాంకులు, రైల్వే ఆఫీసులు అక్కడే ఉండేవి. యువకుడైన ఎష్ అక్కడ బెంగాల్ నాగపూర్ రైల్వేలో అసిస్టెంట్ ఇంజినీరుగా పనిచేశారు. రైల్వే పని అంటే బొమ్మ గీసి ఇచ్చి చేతులు దులుపుకునే పని కాదు. ఎంత ఇటుక కావాలి, ఎంత ఇనుము కావాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కలన్నీ తేల్చాలి. కాగితం మీది గీత నేల మీద గోడగా ఎలా లేస్తుందో ఎష్ అక్కడే నేర్చుకున్నారు. తర్వాత ఆయనకు వచ్చిన ప్రతి పెద్ద అవకాశానికీ పునాది ఈ అనుభవమే.

1901లో విక్టోరియా రాణి మరణించింది. ఆమె పేరు మీద కలకత్తాలో పెద్ద స్మారక భవనం కట్టాలని వైస్రాయ్ లార్డ్ కర్జన్ తలపెట్టాడు. దాని నమూనా తయారుచేసే బాధ్యత విలియం ఎమర్సన్ అనే పేరున్న ఆర్కిటెక్టుకు అప్పగించారు. ఎమర్సన్ ఇంగ్లండ్‌లో ఉండేవాడు. తన ఆలోచనకు బొమ్మ గీసి పెట్టడానికి 1902లో ఆయన ఎష్‌ను తీసుకున్నాడు. తర్వాత ఆ కట్టడం పనిని దగ్గరుండి నడిపించే సూపరింటెండింగ్ ఆర్కిటెక్టు బాధ్యత కూడా ఎష్‌కే దక్కింది.

విక్టోరియా మెమోరియల్‌కు 1906 జనవరి 4న శంకుస్థాపన జరిగింది. 1921 డిసెంబరు 28న ప్రారంభమైంది. పదిహేనేళ్లకు పైగా సాగిన పని అది. రాజస్థాన్‌లోని మక్రానా నుంచి పాలరాయి తెప్పించారు. తాజ్‌మహల్‌కు వాడిన రాయి కూడా మక్రానాదే. కలకత్తా నేల మెత్తని ఒండ్రు నేల. అంత బరువును ఆ నేల మోస్తుందా, కుంగుతుందా అన్నది పెద్ద ప్రశ్న. అందుకే పునాది వేశాక చాలా కాలం ఆగి, పరీక్షించి, ఆ తర్వాతే పై కట్టడం మొదలుపెట్టారు. ఉత్తరం వైపు వంతెన, తోట గేట్లు ఎష్ గీసినవే.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రోలో వెళ్తుంటే చైతన్యపురి తర్వాత వచ్చే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. సరూర్‌నగర్‌లో అదే రాణి స్మృతిగా నిజాం పాలనలో ఏర్పాటైన అనాథ బాలల ఆశ్రమం పేరే ఆ స్టేషన్‌కు వచ్చింది. మనమంతా వీఎం హోం అని పిలిచేది దాన్నే. ఈ హోంకు, ఎష్‌కు సంబంధం ఉందని కాదు. కానీ ఒకే రాణి పేరు మీద ఒక చోట పాలరాతి భవనం వెలిసింది, ఇంకో చోట తల్లిదండ్రులు లేని పిల్లలకు గూడు దొరికింది. రెండింటిలో ఏది గొప్ప జ్ఞాపకచిహ్నమో హాస్టల్‌లో పెరుగుతున్న మనకు వేరే చెప్పాలా!

బ్యాంకు, ఆఫీసు, క్లబ్బు

విక్టోరియా మెమోరియల్ పని ఒకవైపు నడుస్తుండగానే ఎష్ సొంతంగా ప్రాక్టీసు పెట్టారు. ఒకప్పుడు తాను ఉద్యోగం చేసిన బెంగాల్ నాగపూర్ రైల్వేకే గార్డెన్ రీచ్ అనే చోట ప్రధాన కార్యాలయం గీసి ఇచ్చారు. చిన్న ఉద్యోగిగా చేరిన సంస్థకే ప్రధాన కార్యాలయం గీసే స్థాయికి ఎదగడం మామూలు విషయం కాదు. స్వాతంత్ర్యం తర్వాత ఆ భవనం ఆగ్నేయ రైల్వేకు ప్రధాన కార్యాలయమైంది.

అలహాబాద్ బ్యాంకు భవనం, హైకోర్టు దగ్గర లాయర్ల ఆఫీసుల కోసం కట్టిన టెంపుల్ ఛాంబర్స్, బెంగాల్ క్లబ్బు, గుర్రప్పందేల టర్ఫ్ క్లబ్బు వంటివి ఆయన కలకత్తాలో చేసిన పనులు. ఇందులో కొన్ని వ్యాపార భవనాలు, కొన్ని దొరల విలాస భవనాలు. బెంగాల్ క్లబ్బు వంటి చోట్లకు ఆ రోజుల్లో మన దేశస్థులను సభ్యులుగా రానిచ్చేవారు కాదు. ఎష్ ప్రతిభను మెచ్చుకుంటూనే ఈ సంగతిని కూడా మనం గుర్తుంచుకోవాలి. ఆయన పనిచేసింది పాలకుల కోసం, పాలకుల డబ్బుతో.

అయినా ఈ తొలి భవనాల్లో ఆయన నేర్చుకున్నది తర్వాత మన నగరానికి ఉపయోగపడింది. బ్యాంకుకు వచ్చేవాడు ఎటు నుంచి లోపలికి రావాలి, ఎక్కడ నిలబడాలి, లోపల గుమస్తాకు వెలుతురు ఎలా అందాలి అన్నవన్నీ వ్యాపార భవనంలో తేల్చుకోవలసిన విషయాలే. పైకి ఎంత అందంగా ఉన్నా లోపల పని జరగకపోతే ఆ భవనం దండగ. కలకత్తాలో బ్యాంకుకు, రైల్వే ఆఫీసుకు వేసిన ఆ లెక్కనే మన దగ్గర ఆసుపత్రికి, కోర్టుకు వేశారు.

1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించారు. సరిగ్గా ఆ కాలంలోనే హైదరాబాద్‌లో పెద్ద పెద్ద పనులు మొదలవుతున్నాయి.

వరద మిగిల్చిన ఖాళీ

ఆ పనులు ఎందుకు మొదలయ్యాయో తెలియాలంటే 1908 నాటి వరద గురించి తెలియాలి. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారు. వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. అఫ్జల్‌గంజ్‌లో 1866లో కట్టిన ఆసుపత్రి కూడా కొట్టుకుపోయింది. ఆ ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును నగర ప్రజలు ఇప్పటికీ గౌరవంగా చూస్తారు.

అప్పటి పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని 1909లో ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీదే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మనం గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో నగర అభివృద్ధి బోర్డును ఏర్పాటు చేశారు. ఇంగ్లీషులో దాన్నే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అన్నారు. వరద ఊడ్చేసిన నది ఒడ్డున ప్రజల అవసరాలకు పెద్ద భవనాలు కట్టాలని నిశ్చయించారు.

అంటే మనం ఇవాళ చూసి ముచ్చటపడే హైకోర్టు, ఉస్మానియా, సిటీ కాలేజీ భవనాలు వేల మంది ప్రాణాలు పోయిన ఒడ్డున లేచినవి. ఈ పని కోసం 1914లో ఎష్‌ను హైదరాబాద్‌కు రప్పించారు. అప్పటికి ఆయన వయసు 38 ఏళ్లు.

కాచిగూడ స్టేషన్: అచ్చు పోసిన అందం

ఎష్ మన నగరంలో చేసిన తొలి పనుల్లో కాచిగూడ రైల్వే స్టేషన్ ఒకటి. 1916లో పూర్తయింది. మధ్యలో గుమ్మటం, పక్కన చిన్న గుమ్మటాలు, సన్నని మినార్లు చూసి చాలామంది దాన్ని రాతి కట్టడం అనుకుంటారు. నిజానికి అది ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు కట్టడం. అంటే మనం ఆర్సీసీ అంటామే, అదే. పైగా అందులోని భాగాలను ముందే నేల మీద అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక తీసి బిగించారు. ఇప్పుడు మెట్రో రైలు వంతెన ముక్కల్ని యార్డులో తయారుచేసి తెచ్చి అతికించారు కదా! ఆ పద్ధతికి వందేళ్ల నాటి అన్న కాచిగూడ స్టేషన్.

ఆర్సీసీ అంటే ఏమిటో సైన్సు చదివే మిత్రులకు తెలుసు. తెలియని తమ్ముళ్ల కోసం చెప్తాను. రాయి గానీ, ఉత్త కాంక్రీటు గానీ పైనుంచి బరువు పెడితే బాగా మోస్తుంది. సాగదీస్తే మాత్రం పగులుతుంది. రెండు గోడల మీద ఒక పలక పరిచి దాని నడుమ బరువు పెట్టామనుకోండి. పలక పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. నులక మంచం మీద కూర్చుంటే నులక కిందికి సాగినట్టే. ఆ సాగే చోట కాంక్రీటు చీలుతుంది. ఇనుము సాగుడును తట్టుకుంటుంది. కాబట్టి అడుగున ఇనుప కడ్డీలు పెట్టి కాంక్రీటు పోస్తే నొక్కుడును కాంక్రీటు, సాగుడును ఇనుము పంచుకుంటాయి. మన స్లాబుల్లో సెంట్రింగ్ మీద అడుగున కడ్డీలు కట్టేది అందుకే.

అంతకు ముందు పెద్ద గదికి పైకప్పు వేయాలంటే కమాను కట్టాలి, మందపాటి గోడలు లేపాలి, రాయి చెక్కాలి. కాంక్రీటు వచ్చాక ఒక జాలీకి అచ్చు చేస్తే అదే అచ్చులో వంద జాలీలు పోయవచ్చు. ఖర్చు తగ్గింది, కాలం కలిసొచ్చింది. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒక్కో జాలీని చేత్తో చెక్కే రాతిపనివాడి అవసరం క్రమంగా తగ్గింది. కొత్త పద్ధతి వచ్చినప్పుడల్లా కొందరికి పని దొరుకుతుంది, కొందరి చేతిలో పని జారిపోతుంది.

ఎష్‌ను మన నగరంలో ఆధునిక నిర్మాణానికి దారి చూపినవారిలో ఒకరుగా చెప్పుకోవడానికి కారణం ఇదే. పైకి కనిపించే రూపం మన కుతుబ్‌షాహీ, మొఘల్ కట్టడాలదే. లోపలి ఎముకలు మాత్రం కొత్త కాలంవి.

హైకోర్టు: నలుగురి పేర్లు, వేల మంది చేతులు

హైకోర్టు పనిని 1915 ఏప్రిల్ 15న మొదలుపెట్టి 1919 మార్చి 31 నాటికి పూర్తిచేశారు. 1920 ఏప్రిల్ 20న నిజాం ప్రారంభించారు. ఎర్ర ఇసుకరాయి, గులాబీ రంగు గ్రానైటు వాడి కట్టిన ఈ భవనం మూసీ దక్షిణపు ఒడ్డున ఉంది. ఎత్తైన కమాను ద్వారం, పైన గుమ్మటాలు, వరుసగా వరండాలు దీని ప్రత్యేకత.

ఈ భవనం విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. దీని తొలి నమూనా గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్. దాన్ని కట్టడానికి వీలుగా తీర్చిదిద్ది నిర్మాణం జరిపించింది ఎష్. స్థానిక ఇంజినీరు మెహర్ అలీ ఫాజిల్. చీఫ్ ఇంజినీరు మీర్జా అక్బర్ బేగ్. హైకోర్టు చరిత్రలో ఈ నలుగురి పేర్లూ ఉన్నాయి. ఒక జైపూర్ హిందువు, ఒక ఆంగ్లేయుడు, ఇద్దరు ముస్లింలు కలిసి కట్టిన న్యాయస్థానం అది. గొప్ప పని ఏదీ ఒక్కరి వల్ల కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి!

కానీ మిత్రులారా, ఆ నలుగురి పేర్ల కింద ఇంకో జాబితా ఉండాలి. అది ఎక్కడా లేదు. గుట్టల్లో రాయి కొట్టినవాళ్లు, ఆ రాయిని బండ్ల మీద తెచ్చినవాళ్లు, సున్నం గానుగ తిప్పినవాళ్లు, తట్టలు మోసిన ఆడవాళ్లు, సారువ కట్టి అంత ఎత్తున గుమ్మటం పూర్తిచేసిన మేస్త్రీలు. నాలుగేళ్ల పాటు పనిచేసిన ఆ చేతుల్లో ఒక్క పేరు కూడా మనకు మిగల్లేదు. మనలో ఎంతమంది నాన్నలు తాపీ మేస్త్రీలు! ఎంతమంది అమ్మలు ఇసుక జల్లెడ పట్టి, ఇటుకలు మోసి మనల్ని చదివిస్తున్నారు! పొద్దున్నే కూడళ్ల దగ్గర అడ్డా మీద పని కోసం నిలబడే జనంలో మన ఊరివాళ్లు కనిపించని రోజు ఉందా? దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీలు ఉంటారని పేరు. కట్టింది మనవాళ్లు, గీసింది ఇంకొకరు. ఈ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే చదువు విలువ తెలుస్తుంది.

2009 ఆగస్టులో ఈ భవనంలో అగ్నిప్రమాదం జరిగింది. తర్వాత మరమ్మతులు చేశారు. 2019 జనవరి 1 నుంచి ఇది తెలంగాణ హైకోర్టు. కొత్త హైకోర్టు కోసం రాజేంద్రనగర్‌లో 2024లో శంకుస్థాపన జరిగింది.

సిటీ కాలేజీ: చదువుల కోట

హైకోర్టు పక్కనే ఉన్న సిటీ కాలేజీ భవనం కూడా ఎష్ రూపొందించినదే. మొదట ఇది సిటీ హైస్కూలు. 1921లో ఈ కొత్త భవనంలోకి వచ్చి ఇంటర్మీడియట్ తరగతులు మొదలుపెట్టింది. 1929లో కాలేజీ అయింది. గ్రానైటు గోడలు, ఎత్తైన కిటికీలు, మూలల్లో బురుజుల వంటి నిర్మాణాలతో కోటలాగా కనిపిస్తుంది. నదికి ఎదురుగా ఉండటం వల్ల తరగతి గదుల్లోకి గాలి, వెలుతురు బాగా వస్తాయి.

కవి మఖ్దూం మొహియుద్దీన్ ఈ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమ సమయంలో సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. స్థానికులకు ఉద్యోగాలు దక్కాలన్నది ఆ ఉద్యమం కోరిక. తర్వాతి తెలంగాణ ఉద్యమాలు ఆ త్యాగాన్ని గుర్తుచేసుకుంటూనే వచ్చాయి. భవనాన్ని గీసినవాడు గోడల వరకే గీయగలడు. ఆ గోడల మధ్య ఏం జరుగుతుందో రాసేది అక్కడ చదివే విద్యార్థులు. నిజాం కాలంలో కట్టిన ఆ కాలేజీలో ఇప్పుడు మన వసతిగృహాల విద్యార్థులు డిగ్రీ చదువుతున్నారు. కట్టినవాళ్లు ఊహించని మార్పు అదే.

ఉస్మానియా ఆసుపత్రి: పేదవాడి రాజభవనం

వరదలో కొట్టుకుపోయిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి స్థానంలో మూసీ ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. 1925లో పూర్తయింది. అప్పటికే ఎష్ హైదరాబాద్ విడిచి వెళ్లారు. హైకోర్టుకు ఎదురుగా నదికి అవతలి ఒడ్డున ఈ భవనం ఉంటుంది. మధ్యలో పెద్ద గుమ్మటం, చుట్టూ చిన్న గుమ్మటాలతో దూరం నుంచి చూస్తే రాజభవనంలా ఉంటుంది. లోపల పడుకునేవాళ్లు మాత్రం రాజులు కాదు, రైతులు, కూలీలు, రిక్షా తొక్కినవాళ్లు.

ఆ భవనంలో ఎత్తైన పైకప్పులు, పొడవైన వరండాలు, పెద్ద కిటికీలు ఊరికే అందం కోసం పెట్టినవి కావు. అప్పటికి ఏసీలు లేవు. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి కప్పు ఎత్తుగా ఉంటే మంచం మీది రోగికి చల్లగా ఉంటుంది. కిటికీలు ఎదురెదురుగా ఉంటే గాలి ఆడుతుంది, జబ్బు వాసన నిలవదు. వరండా ఉంటే ఎండ నేరుగా గోడకు తగలదు. రోగితో పాటు వచ్చినవాళ్లకు కూర్చునే చోటు దొరుకుతుంది. పెద్దాసుపత్రికి రోగిని తీసుకొచ్చి రెండు రాత్రులు కాపలా ఉన్న ఎవరిని అడిగినా ఆ వరండా విలువ చెప్తారు.

అంత మంచి భవనానికి పట్టిన గతి బాధ కలిగిస్తుంది. ఏళ్ల తరబడి సరైన మరమ్మతులు లేక పెచ్చులూడాయి. 2015లో దాన్ని కూల్చి కొత్తది కట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడు వారసత్వ కట్టడాన్ని కాపాడాలని ఎందరో గొంతెత్తారు. 2020 జూలైలో కురిసిన వానలకు మురుగునీరు వార్డుల్లోకి వచ్చింది. ఆ తర్వాత పాత భవనాన్ని ఖాళీ చేయించారు. రోగులను పక్కనున్న ఇతర బ్లాకుల్లో సర్దారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

ఇక్కడ రెండు వాదాలున్నాయి. వారసత్వం పోతే తిరిగి రాదని ఒకరు. రోగి నెత్తిన పెచ్చులు పడుతుంటే వారసత్వం ఏం చేసుకోవాలని మరొకరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏటా చిన్న మరమ్మతు చేసి ఉంటే ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవలసిన అవసరమే వచ్చేది కాదు. కట్టడం ఎంత ముఖ్యమో, కట్టినదాన్ని చూసుకోవడం అంతే ముఖ్యం. కారే పైకప్పు, విరిగిన కుళాయి ఉన్న ఏ ప్రభుత్వ భవనానికైనా ఈ మాట వర్తిస్తుంది. మన హాస్టళ్లకైనా సరే.

చివరి రోజులు, వారసులు

సుమారు ఏడేళ్ల పాటు హైదరాబాద్‌లో పనిచేసి ఎష్ 1921 ప్రాంతంలో ఇక్కడి పని ముగించారు. అదే ఏడాది కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ కూడా ప్రారంభమైంది. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సి.వి.ఓ. బిరుదు ఇచ్చింది. తన హైదరాబాద్ కట్టడాల గురించి 1942లో ఒక వ్యాసం కూడా ప్రచురించారు. 1950లో కన్నుమూశారు. అంటే మన దేశం స్వతంత్రమై, హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవడం కూడా ఆయన బతికుండగానే జరిగింది.

ఆయన తర్వాత మన నగరంలో కట్టడాల పని ఆగలేదు. బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్ రూపొందించిన ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ 1939లో ప్రారంభమైంది. క్రమంగా మనవాళ్లే ముందుకొచ్చారు. మహమ్మద్ ఫయాజుద్దీన్ రూపొందించిన రవీంద్రభారతి 1961లో ప్రారంభమైంది. 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ తెలంగాణ సచివాలయాన్ని చూడండి. లోపల కాంక్రీటు, పైన గుమ్మటాలు. వందేళ్ల కిందట ఎష్ కాచిగూడలో పాటించిన పద్ధతి ఇంకా మన నగరాన్ని వదిలిపోలేదు. మార్పల్లా ఒక్కటే. అప్పటి భవనాలకు రాజుల పేర్లు పెట్టారు. ఈ భవనానికి అంటరానితనాన్ని ఎదిరించి చదువుకున్న మహానుభావుడి పేరు పెట్టారు.

మన ప్రాంతంలోనూ కొత్త కట్టడాలు లేస్తున్నాయి. కొత్తపేట పండ్ల మార్కెట్ ఉన్న స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. అటువంటి భవనం చూసినప్పుడు ఎన్ని అంతస్తులో లెక్కపెట్టి ఊరుకోవద్దు. రోగి వెంట వచ్చిన ముసలమ్మ ఎక్కడ కూర్చుంటుంది, గాలి ఎటు నుంచి వస్తుంది, వాన నీరు ఎటు పోతుంది అని చూడాలి. మంచి ప్రజాభవనానికి ఇవే అసలు పరీక్షలు.

మనం నేర్చుకోవలసినది

ఎష్ జీవితం నుంచి మనం తీసుకోదగినవి మూడున్నాయి. ఒకటి, చిన్న ఉద్యోగంలో నేర్చుకున్న పనిని ఆయన చిన్నచూపు చూడలేదు. రైల్వేలో వేసిన అంచనాల లెక్కలే ఆయన్ను పైకి తీసుకొచ్చాయి. రెండు, వేరే దేశం నుంచి వచ్చినా ఇక్కడి గుమ్మటాన్ని, ఛజ్జాను, జాలీని శ్రద్ధగా గమనించి వాడుకున్నారు. మన ఊరి మట్టిమిద్దెను, బండల ఇంటిని చూసి సిగ్గుపడే మనం ఈ సంగతి ఆలోచించాలి. మూడు, కొత్త పద్ధతిని భయపడకుండా చేతిలోకి తీసుకున్నారు.

మన పిల్లలు చాలామంది ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్ ఒక్కటే అనుకుంటున్నారు. ఆర్కిటెక్చర్ అనే చదువు ఒకటుందని కూడా తెలియదు. ఇంటర్‌లో మ్యాథ్స్ చదివినవాళ్లు నాటా అనే ప్రవేశపరీక్ష రాసి అయిదేళ్ల బి.ఆర్క్ కోర్సులో చేరవచ్చు. మన నగరంలోనే మాసాబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. బొమ్మలు వేసే చేయి, లెక్కలు చేసే బుర్ర ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ దారి గురించి సార్లనూ మేడమ్‌లనూ అడిగి తెలుసుకోవాలి. గోడ కట్టడం నాన్న దగ్గర చూసి పెరిగిన పిల్లకు గోడ గీయడం నేర్చుకోవడం ఎవరికన్నా తేలికే. గుంజ ఎక్కడ నిలబడితే దూలం ఆగుతుందో ఆ ఇంటి పిల్లలకు పుస్తకం తెరవకముందే తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ఎంజీబీఎస్. అక్కడ దిగి నడిస్తే మూసీకి ఈ ఒడ్డున ఉస్మానియా, ఆ ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ కనిపిస్తాయి. ఒక ఆదివారం వార్డెన్ సార్ అనుమతి తీసుకుని నలుగురైదుగురు కలిసి వెళ్లి చూడండి. గుమ్మటాన్ని గీసినవారి పేరు మీకు ఇప్పుడు తెలుసు. దాన్ని మోసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు. రేపు కట్టబోయే భవనాల్లో ఆ రెండు పనులూ చేసిన ఇళ్ల నుంచి మన పేర్లు కూడా ఉండాలని, అందుకు మన చదువు ఉపయోగపడాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.